కుక్కపిల్లను సాకి పంపిన పాప కథ: పిల్లల కోసం పుస్తకం ఎలా రాయాలి

పోయిన వానాకాలం ఒక సాయంత్రం మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని, నేను రాస్తున్న పుస్తకంలో మూడో అధ్యాయం చదివి వినిపించాను. వీధిలో దొరికిన పిల్లికూనను ఒక పాప ఇంటికి తెచ్చి, చంటిబిడ్డలా ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఇంకు ఫిల్లర్‌తో ఆవుపాలు పడుతుంది. పిల్లలకు ఆ అధ్యాయం తెగ నచ్చింది. రెండు రోజుల తర్వాత కింది ఫ్లోర్‌లో ఉండే మూడో తరగతి పాప మా తలుపు కొట్టింది. ఒక చేతిలో ఇంకు ఫిల్లర్, ఇంకో చేతిలో తువ్వాలులో చుట్టిన పిల్లికూన. దాని ముక్కులోంచి పాలు కారుతున్నాయి.

"ఆంటీ, మీరు చదివినట్టే పట్టాను" అంది.

వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం కాబట్టి ఆ కూన బతికింది. ఆ పాప అన్న మాట మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. రాజుగారు పులి మీద స్వారీ చేశారని కథలో రాస్తే ఏ పిల్లా పులిని వెతుక్కుంటూ పోదు. దొరికిన కూనకు పాలు పట్టిందని రాస్తే, మర్నాడు బడి నుంచి వచ్చే దారిలో కూన కనిపిస్తుంది, ఇంట్లో ఫ్రిజ్‌లో పాలూ ఉంటాయి. అందుకే ఇలాంటి పుస్తకంలో జంతువుకు చేసే ప్రతి పనీ చదివే పిల్లకు మీరిచ్చే సలహా అవుతుంది. నేను ఆ అధ్యాయం చింపేసి మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడు నేర్చుకున్నదంతా మీకు వరసగా చెప్తాను.

పుస్తకం అంటే ఇక్కడ నా ఉద్దేశం, ఏడు నుంచి పదేళ్ల పిల్లలు సొంతంగా చదువుకోగల ఎనిమిది, పది చిన్న అధ్యాయాల కథ. ఆ కథ ఫోస్టర్ చేయడం గురించి. ఫోస్టర్ చేయడం అంటే, ఆపదలో దొరికిన జంతువును కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని, బాగుచేసి, దాన్ని ఎప్పటికీ చూసుకునే ఇంటికి ఇచ్చేయడం. మన దగ్గర దీనికి "సాకడం" అనే మంచి మాట ఉంది, తెలంగాణ పల్లెల్లో "సాదుడు" అంటారు. పిల్లలకు ఫోస్టర్ అన్న మాట కూడా తెలుసు. కథలో రెండూ వాడండి.

ముందు ఏ జంతువో తేల్చుకోండి

మొదటిసారి రాస్తుంటే కుక్కపిల్లనో పిల్లికూననో తీసుకోండి. రామచిలక, నక్షత్ర తాబేలు, గుడ్లగూబ కథలో ముద్దుగా ఉంటాయి, కానీ ఇవి వన్యప్రాణులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని ఇంట్లో పెంచుకోవడం నేరం. హైదరాబాద్‌లో వరండాలో చిలక పంజరం వేలాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి, మీ కథ చదివిన పిల్లకు అది తప్పని తోచకపోవచ్చు.

పక్షి కావాలనే ఉంటే ఒక్క అధ్యాయానికి తెచ్చుకోండి. సంక్రాంతి రోజుల్లో మన ఊళ్లో మాంజా తగిలి పావురాలు, గద్దలు చెట్లకు వేలాడుతుంటాయి. నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతా నిషేధించినా అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు. ఆ అధ్యాయంలో మీ పాప చేయాల్సింది చాలా తక్కువ: రెక్కకు చుట్టుకున్న దారాన్ని లాగకుండా పెద్దవాళ్లను పిలవాలి. వాళ్లు పక్షి మీద తువ్వాలు కప్పి పట్టుకుని, గాలికి చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి మూత వేస్తారు. పెట్టెను చప్పుడు లేని చోట పెట్టి, అటవీ శాఖకో పక్షుల్ని కాపాడే సంస్థకో ఫోన్ చేయాలి. నోట్లో నీళ్లు పోయకూడదు, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఏమీ చేయకుండా పెట్టె పక్కన కూర్చుని ఎదురుచూడటం పిల్లలకు ఎంత కష్టమో మీకు తెలుసు. ఆ అధ్యాయానికి అదే కథ.

రాసేముందు చూసి రండి

ఇంట్లో కూర్చుని ఊహించి రాస్తే నా మూడో అధ్యాయంలాగే వస్తుంది. జూబ్లీహిల్స్‌లో 1992లో మొదలైన, జంతువుల్ని కాపాడే బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ ఉంది, ఇంకా చిన్నా పెద్దా సంస్థలు చాలా ఉన్నాయి. ముందుగా అడిగి, వాళ్లు రమ్మన్న సమయానికి వెళ్లండి. నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల బయట బెంచీ మీద ఒక పొద్దున కూర్చుంటే చాలు, సగం కథ అక్కడే దొరుకుతుంది. స్కూటీ ముందు భాగంలో కుక్కను నిలబెట్టుకుని వచ్చేవాళ్లు, సంచిలో పిల్లిని తెచ్చేవాళ్లు, మేకను ఆటోలో ఎక్కించుకుని వచ్చేవాళ్లు. రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల ఆసుపత్రీ ఉంది.

మీతో నోటుబుక్ ఉంచుకోండి. డాక్టర్ చెప్పిన మందుల పేర్లు రాసుకోవడం కన్నా, టేబుల్ మీద కుక్కపిల్ల కాళ్లు ఎలా జారాయో, యజమాని దాని చెవి దగ్గర ఏమన్నాడో రాసుకోండి. ఇంకా మంచి దారి ఒకటుంది. మీ ఇంట్లో వాళ్లు ఒప్పుకుంటే ఒక్కసారి మీరే ఫోస్టర్ చేయండి. రాత్రి రెండు గంటలకు లేచి పాలు వెచ్చబెట్టిన మనిషి రాసే వాక్యం వేరుగా ఉంటుంది.

చివరి అధ్యాయం మొదట రాయండి

ఇలాంటి కథ మొదలుపెట్టిన ప్రతివాళ్లకూ ఒక ఆశ పుడుతుంది: చివర్లో అమ్మానాన్నల మనసు కరిగి, "సరే, ఇది మనింట్లోనే ఉంటుంది" అంటే ఎంత బాగుంటుందో అని. దయచేసి అలా ముగించకండి. అలా ముగిస్తే, ఫోస్టర్ అంటే పెద్దవాళ్లను ఒప్పించడానికి వేసే ఎత్తు అని పిల్లలకు అర్థమవుతుంది. రెండోది, ఆ ఇంట్లో చోటు నిండిపోతుంది, తర్వాత దొరికే కూనకు తలుపు మూసుకుంటుంది. ఇచ్చేయడం వల్లే ఇంకొక దానికి చోటు దొరుకుతుందన్న సంగతి పిల్లలకు మీరు ఉపన్యాసంలా చెప్పలేరు. ఖాళీ అయిన అట్టపెట్టెను చూపించి చెప్పగలరు.

మన పెళ్లిళ్లలో అప్పగింతలు ఉన్నాయి కదా. పిల్లను అత్తారింటికి పంపుతూ తల్లి ఏడుస్తుంది, అయినా తనే దగ్గరుండి సామాను సర్దుతుంది. చివరి అధ్యాయం అలా ఉండాలి. నా కథలో పాప పేరు చిన్ని, కుక్కపిల్ల పేరు బంతి. బంతిని తీసుకెళ్లడానికి ఇద్దరు వస్తారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, బంతికి వాళ్లు నచ్చుతారు కూడా. అది తోకాడిస్తూ వాళ్ల దగ్గరికి పోవడం చిన్నికి అన్నిటికన్నా ఎక్కువ నొప్పి. ఈ నొప్పిని తగ్గించి రాయొద్దు, దాని మీద ఒక పేజీ అంతా నిలబడండి.

ఆ సమయంలో పాప చేతులకు పని ఇవ్వండి. చిన్ని తన నోటుబుక్‌లోంచి ఒక కాగితం చింపి వాళ్లకు రాసిస్తుంది: "పొద్దున 7కి తింటుంది. కుక్కర్ విజిల్‌కు భయం. చెవి వెనక గోకితే నిద్రపోతుంది." తర్వాత బంతి రోజూ పడుకున్న పాత తువ్వాలును, ఉతకకుండానే, మడిచి ఇస్తుంది. వాళ్లమ్మ "మురికిగా ఉందే, ఉతికిద్దాం" అంటే చిన్ని వద్దంటుంది. తెలిసిన వాసన ఉంటే కొత్త ఇంట్లో కుక్కపిల్ల తొందరగా కుదురుకుంటుందని డాక్టర్ మేడం చెప్పారు మరి. తువ్వాలు మడతలో ఇంకా రెండు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉంటాయి. చిన్ని వాటిని తీయదు.

తీసుకెళ్లేవాళ్లను పెద్దవాళ్లు కొన్ని ప్రశ్నలు అడగడం కూడా చూపించండి. ఊరెళ్తే ఎవరు చూస్తారు? అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నారా? మిగతా టీకాలు వేయిస్తారా? పెద్దయ్యాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తారా? నెల తర్వాత వచ్చి చూడొచ్చా? ముద్దుగా ఉందని ఎవరో అడిగితే ఇచ్చేయడం అడాప్షన్ కాదని పిల్లలకు అక్కడే తెలుస్తుంది.

కథకు క్యాలెండర్ కట్టండి

చివర ఏమవుతుందో తెలిసింది కాబట్టి ఇప్పుడు మొదటికి రండి. ఒక పాత క్యాలెండర్ తీసుకుని కుక్కపిల్ల పుట్టిన తేదీ పెట్టండి. ఇందులో మన పెద్దవాళ్లు సాయం చేస్తారు. చిత్త కార్తె అనగానే వాళ్లకు కుక్కలే గుర్తొస్తాయి, అవి జతకట్టే కాలం అది. ఆ కార్తె అక్టోబర్‌లో వస్తుంది. కుక్క కడుపు మోసేది సుమారు 63 రోజులు. లెక్క వేస్తే డిసెంబర్ మధ్యకు ఈనుతుంది. ఆ చలిలోనే మన గల్లీల్లో, సెల్లార్లలో, కట్టే ఇళ్ల ముందు ఇసుక కుప్పల మీద కూనలు కనిపిస్తాయి.

బంతి డిసెంబర్ 15న పుట్టింది అనుకుందాం. పది నుంచి పద్నాలుగు రోజులకు కళ్లు తెరుస్తుంది, అంటే క్రిస్మస్ సెలవుల్లో. సంక్రాంతికి నాలుగు వారాలు దాటి, తూలుతూ నడుస్తూ, మెత్తటి తిండి నాకడం మొదలుపెడుతుంది. జనవరి చివరికో ఫిబ్రవరి మొదట్లోనో, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, మొదటి టీకా. తర్వాత మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున మిగతావి. మూడు నెలలు నిండాక, మార్చి మధ్యలో, రేబిస్ టీకా. సరిగ్గా అప్పుడే ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నం ఇంటికొచ్చిన చిన్నికి బంతితో గడపడానికి ఎక్కువ సమయం దొరికిన ఆ వారంలోనే దాన్ని పంపించాలి. ఈ మెలిక నేను కల్పించింది కాదు, క్యాలెండర్ ఇచ్చింది.

తల్లి కోసం ఎదురుచూసే అధ్యాయం తప్పక ఉండాలి

ఇది లేని పుస్తకం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. ఒంటరిగా కనిపించిన ప్రతి కూనా దిక్కులేనిది కాదు. తల్లి తిండి కోసం పోయి ఉంటుంది, మనం అక్కడ గుమిగూడితే భయపడి దగ్గరికి రాదు. పిల్లలు ముచ్చటపడి ఎత్తుకొచ్చేస్తే, పాలున్న తల్లి వీధంతా వెతుక్కుంటుంది.

అందుకే చిన్ని కూనను చూడగానే ఎత్తుకోదు. వాచ్‌మన్ భార్యను అడుగుతుంది, ఎదురింటి మేడ మీది నుంచి గంటలకొద్దీ చూస్తుంది. కూన వెచ్చగా, పొట్ట నిండుగా, నిశ్శబ్దంగా పడుకుని ఉంటే తల్లి వస్తూ పోతూ ఉన్నట్టే. చల్లబడి, పొట్ట లోపలికి పోయి, ఆగకుండా ఏడుస్తుంటే తల్లికి ఏదో అయినట్టు. నా కథలో సాయంత్రానికి వాచ్‌మన్ భార్య వచ్చి, పొద్దున మెయిన్ రోడ్డు మీద తెల్ల కుక్కను కారు గుద్దిందని చెప్తుంది. అప్పుడు మాత్రమే చిన్నీ వాళ్ల నాన్న కిందికి దిగుతాడు.

సాకే పనులు: ఇక్కడ ఒక్క తప్పు కూడా రాయొద్దు

మొదట వెచ్చదనం, తర్వాతే పాలు. మూడు వారాల్లోపు కూనలు తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు. చల్లబడిన కూనకు పాలు పడితే అరగవు, ప్రాణం మీదికి వస్తుంది. అట్టపెట్టెలో పాత దుప్పటి వేసి, వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి ఒక పక్కన పెట్టాలి. వేడి ఎక్కువైతే కూన ఇంకో పక్కకు జరగడానికి చోటుండాలి.

ఆవుపాలు, గేదెపాలు పడితే విరేచనాలవుతాయి. కూనల కోసం అమ్మే పాలపొడి పెట్ షాపుల్లో, జంతువుల మందుల షాపుల్లో దొరుకుతుంది. పట్టేటప్పుడు కూన బోర్లా ఉండాలి, తల్లి దగ్గర తాగేటప్పుడు ఉన్నట్టే, తల కాస్త పైకి. వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈ సంగతి నాకు ముందే తెలిసుంటే ఆ పాప మా తలుపు కొట్టాల్సిన అవసరం వచ్చేది కాదు. పట్టాక వెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో పొట్ట కింద, తోక కింద మెల్లగా రుద్దాలి. అలా రుద్దితేనే చిన్న కూనలు ఒంటికి, రెంటికి పోతాయి. తల్లి నాలుకతో చేసే పని అది. పిల్లల పుస్తకంలో ఇది రాయొచ్చా అని మొహమాటపడకండి. నేను చదివి వినిపించినప్పుడు పిల్లలు పడీపడీ నవ్వారు, ఒక్కరూ మర్చిపోలేదు.

రాత్రిపూట రెండు మూడు గంటలకోసారి పాలు పట్టడం తొమ్మిదేళ్ల పిల్ల పని కాదు. పిల్లల కథల్లో పెద్దవాళ్లను పక్కకు తప్పించడం మనకు అలవాటు. ఈ కథలో తప్పించకండి. రాత్రి నాన్న లేస్తాడు, పొద్దున బడికి ముందు చిన్ని తూకం వేస్తుంది. వంటింట్లో పప్పులు తూచే చిన్న డిజిటల్ త్రాసు, దాని మీద స్టీలు గిన్నె, గిన్నెలో బంతి. చిన్ని నోటుబుక్‌లో ఇలా ఉంటుంది:

"జనవరి 3: 910 గ్రాములు. జనవరి 4: 940. జనవరి 5: 935. పాలు వదిలేసింది. నాన్న డాక్టర్‌కి ఫోన్ చేశాడు."

అయిదు గ్రాములు తగ్గితే ఇంట్లో ఎంత టెన్షన్ పుట్టిందో ఆ నాలుగు మాటల్లో పిల్లలు పసిగడతారు. వర్ణన అక్కర్లేదు.

నాలుగో వారం నుంచి మెత్తగా ఉడికించిన అన్నం, చికెన్. ఉప్పూ మసాలా లేకుండా. ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు విషంతో సమానమని ఎక్కడో ఒకచోట రావాలి. చిన్ని తమ్ముడు పుట్టినరోజు చాక్లెట్ ముక్క పెట్టబోతే చిన్ని చేయి పట్టుకుంటుంది, అంతే. నులిపురుగుల మందు రెండు వారాల వయసు నుంచి డాక్టర్ చెప్పిన లెక్కలో. ఆ పురుగులు మనుషులకూ, ముఖ్యంగా పిల్లలకు అంటుకుంటాయి కాబట్టి, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగడం కథలో అలవాటుగా కనిపించాలి.

ఆరో అధ్యాయంలో నేను పార్వో తెచ్చాను. టీకాలు పూర్తికాని కూనలకు వచ్చే వైరస్ జబ్బు ఇది: వాంతులు, రక్తంతో నీళ్ల విరేచనాలు, ఒక్క రోజులో నీరసించిపోతుంది. చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది, నేల మీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు, బ్లీచ్ కావాలి. కొత్తగా తెచ్చిన కూనను ఇంట్లో ఉన్న కుక్కలకు రెండు వారాలు దూరంగా ఉంచమనేది ఇందుకే. చిన్ని స్నేహితురాలు తన కుక్కపిల్లను చూపిస్తానని తెస్తే, గుమ్మం దగ్గరే ఆపేయాల్సి వస్తుంది. ఇద్దరూ వారం మాట్లాడుకోరు. రోగం గురించి చెప్పాల్సిన సంగతి ఇలా ఇద్దరు పిల్లల గొడవలోకి వచ్చాక మాత్రమే అది కథ అవుతుంది.

కూన చనిపోవచ్చా? చనిపోవచ్చు. సాకిన ఇళ్లలో అది జరుగుతుంది, పిల్లల నుంచి దాచి లాభం లేదు. అయితే "నిద్రపోయింది", "దేవుడి దగ్గరికి వెళ్లింది" అని రాయకండి, చిన్నపిల్లలకు నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. "చనిపోయింది" అని రాసి, ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూపించండి.

పంటి గాటు దాచిన అధ్యాయం

నా పుస్తకంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు తిరగరాసింది ఇదే. ఆటలో బంతి పన్ను చిన్ని వేలికి గీసుకుంటుంది, ఒక చుక్క రక్తం. చెప్తే బంతిని పంపేస్తారని చిన్ని వేలు దాచుకుంటుంది. నిజంగా పిల్లలు ఇలాగే చేస్తారు. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ముందే టీకా వేసుకుంటే మాత్రం ఆ ముప్పు రాకుండా ఆపవచ్చు. అందుకని ఈ అధ్యాయం ముగిసేలోగా చిన్ని నోరు విప్పాలి, విప్పినందుకు ఇంట్లో ఎవరూ తిట్టకూడదు. రెండోది మొదటిదానికన్నా ముఖ్యం.

పనులు కూడా ఉన్నవి ఉన్నట్టు రాయండి. నాన్న వేలును కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడుగుతాడు. పదిహేను నిమిషాలంటే ఎంతసేపో పిల్లలకు తెలియాలి కాబట్టి, నేను ఆ సేపంతా తండ్రీ కూతుళ్లను మాట్లాడించాను. పక్కింటావిడ పసుపు పెట్టమంటుంది, ఇంకొకరు కారం, సున్నం అంటారు. ఏదీ పెట్టకూడదు, కట్టు కూడా కట్టకూడదు. తర్వాత డాక్టర్ దగ్గరికి. నారాయణగూడలో ఐపీఎం అని అందరూ పిలిచే ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో కుక్కకాటు టీకాలు వేస్తారని హైదరాబాద్‌లో చాలామందికి తెలుసు. చిన్నిని అక్కడికే తీసుకెళ్లండి. చేతికి వేసే ఇంజక్షన్లే, బొడ్డు చుట్టూ పద్నాలుగు అన్న పాత భయం ఇప్పుడు అక్కర్లేదు. ఒకటి వేయించుకుని మానేయకుండా డాక్టర్ రాసిన తేదీలన్నీ పూర్తిచేయాలి. చిన్ని ఆ తేదీలను కూడా బంతి బరువుల పక్కనే రాసుకుంటుంది.

వద్దన్నవాళ్లను విలన్లను చేయకండి

కుక్కల కథల్లో అసోసియేషన్ సెక్రటరీ ఎప్పుడూ కోపిష్ఠి, ఎదురింటావిడ ఎప్పుడూ రాతిగుండె. హైదరాబాద్ గురించి రాస్తూ అలా రాయడం అన్యాయం. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఆ వీడియో చూసిన తల్లులు మన బిల్డింగుల్లోనే ఉన్నారు. వాళ్ల భయానికి కారణం ఉంది. నా కథలో పైఅంతస్తు ఆవిడ లిఫ్టులో బంతిని చూసి బాబును ఎత్తుకుని మెట్లెక్కి పోతుంది. చిన్నికి కోపమొస్తుంది. వాళ్లమ్మ, "ఆమెకు భయమైంది, మనం వేరే టైంకు దిగుదాం" అంటుంది. ఆవిడ చివరిదాకా బంతిని ముట్టుకోదు, కానీ ఒకరోజు గేటు తీసి పట్టుకుంటుంది. అంత మార్పు చాలు.

ఇంట్లో పెద్దావిడకు మడి పట్టింపు ఉంటే దానికీ గౌరవం ఇవ్వండి. వంటింట్లోకి, దేవుడి గదిలోకి బంతి రాదు, బాల్కనీ దానిది. అద్దె ఇల్లయితే ఓనర్‌ను అడిగే సన్నివేశం తప్పదు.

భాష

2018లో వచ్చిన చట్టం వల్ల తెలంగాణలో ఏ బడిలో చదివినా తెలుగు నేర్చుకోవాల్సిందే. అయినా ఇంగ్లిష్ మీడియంలో చదివే తొమ్మిదేళ్ల పిల్ల ఆలోచన తొమ్మిదేళ్లదే, తెలుగు చదివే వేగం మాత్రం చాలాసార్లు ఆరేడేళ్లది. ఆలోచనను చిన్నది చేయకుండా వాక్యాన్ని చిన్నది చేయండి. వత్తులు బరువుగా ఉన్న మాటలు ఒకే వరసలో మూడు పడితే పిల్ల అక్కడే పుస్తకం మూసేస్తుంది. "దిక్కుతోచని ఆ కుక్కపిల్ల దుస్థితికి చిన్ని హృదయం ద్రవించింది" అని మొదట రాశాను. ఇప్పుడు ఇలా ఉంది: "కుక్కపిల్ల వణుకుతోంది. చిన్ని తన స్వెటర్ విప్పింది."

కథనం మామూలు తెలుగులో సాగినా, మాటలు ఆ ఇంటి మనుషులవి కావాలి. చిన్నీ వాళ్ల అవ్వది పాలమూరు. మొదటి అధ్యాయం ఇలా ముగుస్తుంది:

"ఏందే గది, సంచిల?"

"ఏం లేదవ్వా."

సంచి కుయ్యిమంది.

అధ్యాయం అయిదారు వందల మాటలు దాటకపోతే మంచిది, ఒక రాత్రి పడుకునేముందు పూర్తవుతుంది.

రెండుసార్లు చదివించండి

పుస్తకం అయ్యాక ఒకసారి పశువైద్యుడికో, ఏళ్లుగా ఫోస్టర్ చేస్తున్నవాళ్లకో ఇవ్వండి. "కథ ఎలా ఉంది" అని అడగొద్దు, "ఇందులో చేసినట్టు పిల్లలు చేస్తే ఏమవుతుంది" అని అడగండి. వాళ్లు ఎర్ర పెన్నుతో గీసిన ప్రతి చోటా మార్చండి, కథ చెడినా సరే.

రెండోసారి పిల్లలకు. చదివి వినిపించి, మర్నాడు అడగండి: "మీకు కూన దొరికితే మొదట ఏం చేస్తారు?" మా మెట్ల మీద ఈసారి వచ్చిన మొదటి జవాబు, "వాళ్లమ్మ వస్తుందేమో చూస్తాం." ఆ జవాబు చెప్పింది ఇంకు ఫిల్లర్‌తో వచ్చిన పాపే.

బొమ్మలు, అచ్చు

బొమ్మలు వేసేవాళ్లకు మన వీధికుక్కల ఫోటోలు ఇవ్వండి, లేకపోతే లాబ్రడార్ వేసిచ్చేస్తారు. పాలు పట్టే బొమ్మలో కూన బోర్లానే ఉందా అని రెండుసార్లు చూడండి. అక్షరం పెద్దగా, వరసల మధ్య ఖాళీ ధారాళంగా ఉండాలి.

పిల్లల పుస్తకాలు వేసే తెలుగు ప్రచురణకర్తల్లో తార్నాకలోని మంచి పుస్తకం వాళ్లున్నారు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా కథ పెట్టొచ్చు. సొంతంగా వేసుకుంటే ఐఎస్‌బిఎన్‌కు, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యకు, మన దేశంలో డబ్బు కట్టక్కర్లేదు. చలికాలంలో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు అందేలా చూసుకోండి, వీధుల్లో కూనలు కనిపించే రోజులూ అవే.

పుస్తకం చివరి పేజీలో ఫోన్ నంబర్లు అచ్చు వేయొద్దు, అవి మారిపోతుంటాయి. దాని బదులు గీతలు గీసి వదిలేయండి: మా ఇంటికి దగ్గరి జంతువుల డాక్టర్, రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి, కుక్కకాటు టీకా వేసే చోటు, నాతో వచ్చే పెద్దవాళ్లు. కింద ఒక్క మాట రాయండి: "ఈ ఖాళీలు అమ్మతోనో నాన్నతోనో కూర్చుని ఈరోజే పెన్సిల్‌తో నింపు."